దాత అండంతో ఐవీఎఫ్: దాతలో ఏం చూడాలి, ఏం వదిలేయాలి

దాత అండంతో బిడ్డను కనాలని నిర్ణయించుకున్న జంట చేతికి ముందుగా వచ్చేది ఒక కాగితం. వయసు, ఎత్తు, బరువు, ఒంటి రంగు, కళ్ళ రంగు, జుట్టు, బ్లడ్ గ్రూప్, చదువు, పిల్లలు అంటూ దాని మీద పది పదిహేను గడులు ఉంటాయి. వాటిలో గర్భం నిలవడానికి పనికొచ్చేవి రెండు మూడే. కొన్ని బిడ్డ ఆరోగ్యానికి సంబంధించినవి, కొన్ని పోలికలకు, కొన్ని దేనికీ కావు. చాలామంది రంగు దగ్గరా చదువు దగ్గరా ఆగిపోతారు, వయసు మీద నుంచి చూపు ఇట్టే దాటిపోతుంది. ఈ కాగితాన్ని ఏ వరుసలో చదవాలో, దాని మీద లేని ఏయే సంగతులు అడిగి తెలుసుకోవాలో, దాత వల్ల కాకుండా మీ ఒంట్లోనూ ల్యాబులోనూ తేలే విషయాలేవో కింద రాశాం.

ముందు వయసు

ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాలన్నీ అండాశయాల్లో ఉంటాయి. ఆ తర్వాత కొత్తవి తయారుకావు. విడుదలయ్యే ముందు ప్రతి అండమూ తన 46 క్రోమోజోములను సగం చేసుకొని 23 మిగుల్చుకోవాలి. అంతకాలం ఆ జతలను కలిపి పట్టి ఉంచే ప్రోటీన్లు ఏళ్ళు గడిచేకొద్దీ సడలిపోతాయి. సడలినచోట ఒక క్రోమోజోము ఎక్కువో తక్కువో అయిపోతుంది. అలాంటి అండంతో తయారైన పిండం చాలావరకు గర్భసంచికి అంటుకోదు, అంటుకున్నా మొదటి మూడు నెలల్లోనే పోతుంది.

ల్యాబులో ఐదు రోజులు పెరిగిన పిండాలను పరీక్షించి చూసినప్పుడు ఈ తప్పు అన్నిటికన్నా తక్కువగా కనిపించింది 26 నుంచి 30 ఏళ్ళ మధ్య మహిళల అండాల్లో. అక్కడ కూడా సుమారు నాలుగింట ఒక పిండం తేడాగానే ఉంటుంది. 35 దాటాక ఈ వాటా వేగంగా పెరిగి, 40 దాటేసరికి సగానికి మించుతుంది, 44, 45 వచ్చేసరికి పదింట ఎనిమిది దాకా పోతుంది. సొంత అండాలతో మూడు నాలుగు సార్లు ఐవీఎఫ్ పోయిన 43 ఏళ్ళ ఆమెకు, అదే గర్భసంచిలో 27 ఏళ్ళ దాత అండంతో గర్భం నిలవడానికి కారణం ఇదే.

ఈ సంగతి తేలి చాలా కాలమైంది. అమెరికాలో దాత అండంతో మొదటి బిడ్డ పుట్టింది 1984లో, కాలిఫోర్నియాలో. 40 దాటిన మహిళలకు కూడా దాత అండాలతో చిన్న వయసువాళ్ళలాగే గర్భం వస్తోందని 1990లో అక్కడి వైద్యులే చూపించారు. మన దగ్గరే 2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏళ్ళ మహిళ దాత అండంతో కవలలను కన్నది. గర్భసంచి ఎంత వయసుదైనా లేత అండాన్ని మోయగలదనడానికి అది సాక్ష్యం. అంత వయసులో గర్భం మోయమని మాత్రం మేం ఎవరికీ చెప్పం. గుండె మీద, రక్తపోటు మీద పడే భారం అండం వయసును బట్టి తగ్గదు. 2021 నాటి ఏఆర్‌టీ చట్టం, అంటే సంతాన సాఫల్య చికిత్సల చట్టం, వచ్చాక మహిళకు 21 నుంచి 50, పురుషుడికి 21 నుంచి 55 అని హద్దు పెట్టారు.

అదే చట్టం దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలంటుంది. మీరు అడగాల్సింది 30 లోపు దాతను. 23కూ 29కీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు కాబట్టి 'ఇంకా చిన్న అమ్మాయి కావాలి' అని పట్టుబట్టి నెలలు పోగొట్టుకోవద్దు. 31, 32 ఏళ్ళ దాత రిపోర్టులు బాగుంటే ఒప్పుకోవచ్చు. 34, 35 అయితే వేరే దాత దొరుకుతారేమో అడిగి చూడండి. ఫ్రీజ్ చేసిన అండాలైతే లెక్కలోకి వచ్చేది అండం తీసిన నాటి వయసు. నాలుగేళ్ళు ఫ్రీజర్‌లో ఉన్నా ఆ అండం వయసు పెరగదు.

ఏడు అండాల లెక్క

విదేశీ వెబ్‌సైట్లలో ఒక దాత నుంచి 20, 25 అండాలు తీసిన లెక్కలు కనిపిస్తాయి. ఆ లెక్కలు మనకు సరిపోవు. మన చట్టం ప్రకారం ఒక మహిళ జీవితంలో ఒక్కసారే అండదానం చేయాలి, ఆమె నుంచి ఏడుకు మించి అండాలు తీయకూడదు, ఒక దాత అండాలు ఒక్క జంటకే ఇవ్వాలి. క్లినిక్ సొంతంగా దాతను తీసుకురాకూడదు. రిజిస్టరైన ఏఆర్‌టీ బ్యాంకు ద్వారానే రావాలి.

కాబట్టి ఏడు అండాలు ఎక్కడెక్కడ తరుగుతాయో ముందే తెలుసుకోవాలి. తాజాగా తీసిన ఏడింటిలో పక్వానికి వచ్చినవి, అంటే ల్యాబు భాషలో ఎమ్ టూ దశవి, ఐదో ఆరో ఉంటాయి. ఇక్సీ పద్ధతిలో, అంటే ఒక్కో అండంలోకి సూదితో ఒక్కో వీర్యకణం ఎక్కిస్తే, వాటిలో నూటికి 70, 80 వంతున ఫలదీకరణ అవుతాయి. అంటే నాలుగు. ఆ నాలుగులో సగం ఐదో రోజుకు బ్లాస్టోసిస్ట్, అంటే గర్భసంచిలో పెట్టే దశకు వచ్చిన పిండం, అవుతాయి. అంటే రెండు. ఫ్రీజ్ చేసిన అండాలైతే దారి కొంచెం వేరు. పక్వమైనవాటినే ఫ్రీజ్ చేస్తారు కాబట్టి మొదటి మెట్టులో తరుగు ఉండదు. కరిగించేటప్పుడు ఒకటో రెండో పోతాయి. చివరికి చేరేది దాదాపు అక్కడికే.

ఒక్కో మంచి బ్లాస్టోసిస్ట్‌కు బిడ్డ పుట్టే అవకాశం సగం అనుకుందాం. మంచి ల్యాబులో యువ దాత అండాలకు ఇది అతిగా ఊహించిన అంకె కాదు. రెండు పిండాలను ఒకదాని తర్వాత ఒకటి పెడితే, రెండిట్లో ఒకటైనా నిలిచే అవకాశం నూటికి 75. రెండూ ఒకేసారి పెట్టినంత మాత్రాన ఇది పెరగదు, కవలలయ్యే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. నాలుగు బ్లాస్టోసిస్టులు వచ్చే జంటలూ ఉంటారు, ఒక్కటీ రానివాళ్ళూ ఉంటారు. 'ఒక్క సైకిల్లో గ్యారంటీ' అని ఎవరైనా అంటే ఈ ఏడు అండాల లెక్క వాళ్ళ ముందు పెట్టి అడగండి.

డబ్బు కట్టే ముందు రాతపూర్వకంగా తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: 'మాకు ఇచ్చేది ఎన్ని పక్వమైన అండాలు?' ఊరికే ఏడు అండాలంటే చాలదు. పక్వమైనవి నాలుగే వస్తే ఏం చేస్తారు, కరిగించాక రెండే మిగిలితే ఏం చేస్తారు అన్నది కూడా కాగితం మీద ఉండాలి.

ఏఎమ్‌హెచ్ అంకె ఏం చెబుతుంది

దాత ఏఎమ్‌హెచ్ 5 అని చూసి సంబరపడేవాళ్ళు, 1.8 అని చూసి వద్దనేవాళ్ళు చాలామంది. ఏఎమ్‌హెచ్ అనేది రక్తపరీక్షలో చూసే ఒక హార్మోన్. అది చెప్పేది అండాశయంలో ఎన్ని అండాలు కదిలే అవకాశం ఉందన్న సంగతి. వాటి నాణ్యత గురించి అది ఏమీ చెప్పదు. 27 ఏళ్ళ దాతకు ఏఎమ్‌హెచ్ 2 ఉన్నా, 5 ఉన్నా, ఒక్కో అండం నుంచి బిడ్డ పుట్టే అవకాశం ఇంచుమించు ఒకటే. మనకు కావాల్సింది ఏడే కాబట్టి, స్కానింగ్‌లో రెండు అండాశయాల్లో కలిపి పన్నెండు పదిహేను చిన్న ఫాలికిల్స్ (అండాలుండే నీటి తిత్తులు) కనిపిస్తే ధారాళంగా సరిపోతుంది.

ఏఎమ్‌హెచ్ మరీ ఎక్కువ ఉన్న దాతకు, ముఖ్యంగా పీసీఓఎస్ ఉన్నవాళ్ళకు, ఇంజెక్షన్లతో అండాశయాలు విపరీతంగా ఉబ్బిపోయే ప్రమాదం ఉంది. కడుపులో నీరు చేరుతుంది, రక్తం చిక్కబడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదకు వస్తుంది. అందుకని దాతకు సాధారణంగా నెలసరి రెండో మూడో రోజు నుంచి రోజుకు 150 నుంచి 225 యూనిట్ల మోతాదులో హార్మోన్ ఇచ్చి, ఐదారు రోజుల నుంచి అండాలు ముందే విడుదల కాకుండా ఆపే యాంటగనిస్ట్ ఇంజెక్షన్ కలిపి, చివర్లో అండాలను పక్వం చేసే ఇంజెక్షన్‌గా (దీన్నే ట్రిగర్ అంటారు) హెచ్‌సీజీకి బదులు అగనిస్ట్ ఇవ్వడం మేలు. అలా ఇస్తే ఆ ప్రమాదం దాదాపు పోతుంది. ఏడు అండాలకు హద్దు ఉన్నప్పుడు ఇరవై ఫాలికిల్స్ పెంచే మోతాదు ఎందుకు? ఆమె మీ బిడ్డ కోసం సూదులు పొడిపించుకుంటున్న మనిషి. ఆమెకు 12 నెలల ఆరోగ్య బీమా చేయించడం చట్టం మీ మీద పెట్టిన బాధ్యత. దాన్ని ఖర్చుల జాబితాలో కొట్టేయించుకోకండి.

ట్రిగర్ ఇచ్చిన 35, 36 గంటలకు అండాలు తీస్తారు. పక్వం కానివి ఎక్కువ వచ్చాయంటే చాలాసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది: ఫాలికిల్స్ ఇంకా చిన్నగా ఉండగానే ట్రిగర్ ఇవ్వడం, ఇంజెక్షన్ చెప్పిన వేళకు పడకపోవడం, లేదా అసలు పడకపోవడం. దాత అండాలు మంచివి కావని తేల్చేముందు ఈ వేళలు అడగండి.

మిగతా ఆరోగ్య విషయాలు

దాతకు ఇంతకుముందు పిల్లలు పుట్టారా అన్నది మనసుకు ధైర్యమిస్తుంది. అంకెల్లో దానివల్ల వచ్చే తేడా స్వల్పం. సంతానం లేని యువ దాతతోనూ ఫలితాలు దాదాపు అంతే బాగుంటాయి. బరువు విషయంలో, దాత బీఎమ్ఐ ఎక్కువైతే అవకాశం కొంత తగ్గిందని కొన్ని పరిశీలనల్లో కనిపించింది, మరికొన్నిట్లో కనిపించలేదు. 19 నుంచి 27 మధ్య ఉంటే ఆలోచించక్కర్లేదు. పొగ తాగడం, జర్దా, గుట్కా అలవాటు ఉంటే మాత్రం వద్దనండి. పొగాకు అండాలను నేరుగా దెబ్బతీస్తుంది.

హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్ పరీక్షలు తప్పనిసరి. రిపోర్టులు ఏ తేదీవో చూడండి.

బిడ్డ ఆరోగ్యం కోసం చూడాల్సినవి

గర్భం నిలవడానికీ దీనికీ సంబంధం లేదు, కానీ దాత విషయంలో వయసు తర్వాత అత్యంత విలువైనది వాహక పరీక్ష, అంటే తనకు జబ్బు లేకపోయినా ఒక తప్పు జన్యువు మోస్తున్నారేమో చూసే పరీక్ష. తలసేమియా, సికిల్ సెల్ వంటి జబ్బులు తల్లి నుంచి ఒక తప్పు జన్యువు, తండ్రి నుంచి ఒక తప్పు జన్యువు వచ్చినప్పుడే బయటపడతాయి. దాతా, భర్తా ఇద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. సికిల్ సెల్ మన దగ్గర ఆదిలాబాద్, విశాఖ మన్యం వంటి ఆదివాసీ ప్రాంతాల్లో ఎక్కువ.

ఖర్చు తగ్గే తోవ ఒకటుంది. ముందు భర్తకు ఒక్కరికే హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేయించండి. అందులో హెచ్‌బీఏ2 మామూలుగా ఉండి (3.5 శాతం దాటితే వాహకుడని అనుమానించాలి), సికిల్ హిమోగ్లోబిన్ కనబడకపోతే, దాత వాహకురాలైనా బిడ్డకు జబ్బు రాదు. భర్త వాహకుడని తేలితే మాత్రం వాహకురాలు కాని దాత కావాలని పట్టుబట్టాల్సిందే. అండం తీసుకునే మీరు వాహకురాలా కాదా అన్నది బిడ్డకు సంబంధం లేదు. మీ జన్యువులు ఈ బిడ్డకు వెళ్ళవు.

మేనరికం చేసుకున్న జంటలకు ఒక సంగతి. మేనమామనో మేనబావనో పెళ్ళాడిన ఇళ్ళలో ఇలాంటి జబ్బులతో పిల్లలు పోవడం, పుట్టకముందే పోవడం జరుగుతుంది. బంధుత్వం లేని దాత అండం తీసుకుంటే ఆ దగ్గరి రక్తసంబంధపు ముప్పు పోతుంది. అదే, చెల్లెలి అండం తీసుకుందామని అనుకుంటే భర్తతో ఆమెకు ఉన్న బంధుత్వమూ మీకున్నదే కాబట్టి ముప్పు అలాగే ఉంటుంది. ఇప్పటి చట్టంలో దాత బ్యాంకు ద్వారా, వివరాలు గోప్యంగానే రావాలి కనుక ఇంట్లోవాళ్ళ మీద ఆశ పెట్టుకోకండి.

బ్లడ్ గ్రూప్ గర్భం నిలవడాన్ని మార్చదు. కానీ మీరు నెగెటివ్ గ్రూపు అయితే జాగ్రత్త ఒకటుంది, దీన్ని ఆస్పత్రుల్లో కూడా మర్చిపోతారు. మీరూ, మీ భర్తా ఇద్దరూ నెగెటివ్ అయితే మామూలుగా బిడ్డ కూడా నెగెటివే, యాంటీ డీ ఇంజెక్షన్ (పాజిటివ్ బిడ్డ రక్తం మీద తల్లి ఒళ్ళు ఎదురుతిరగకుండా ఇచ్చేది) అక్కర్లేదంటారు. దాత పాజిటివ్ అయితే ఆ లెక్క తప్పుతుంది. బిడ్డ పాజిటివ్ కావచ్చు. కాబట్టి దాత ఆర్‌హెచ్ గ్రూపు మీ ఫైల్లో రాయించండి, 28వ వారంలో 300 మైక్రోగ్రాముల యాంటీ డీ గురించి మీరే గుర్తుచేయండి.

రంగు, కులం, చదువు

తెలుగు ఇళ్ళలో ఈ కోరికలు గట్టిగా వినబడతాయి. మన కులం అమ్మాయే కావాలి, తెల్లగా ఉండాలి, ఇంజనీరింగ్ చదివి ఉండాలి. వీటిలో ఏదీ గర్భం నిలిచే అవకాశాన్ని ఒక్క శాతం కూడా మార్చదు. పోలికల కోసం రంగూ ఎత్తూ చూసుకోవడంలో తప్పులేదు, బిడ్డ ఇంటివాళ్ళలో కలిసిపోవాలని కోరుకోవడం సహజం. కానీ కులం కోసం 28 ఏళ్ళ ఆరోగ్యవంతురాలిని కాదని 34 ఏళ్ళ ఆమెను ఎంచుకుంటే, దాని ఖరీదు మీ అవకాశాలతో కడుతున్నారు. డిగ్రీ అండం ద్వారా సంక్రమించేది కాదు. ప్రత్యేకమైన దాత అంటూ ఎక్కువ డబ్బు అడిగే దళారీ మాట అసలు వినకండి. అండాలు అమ్మడం, కొనడం చట్టరీత్యా నేరం. క్లినిక్, బ్యాంకు రెండింటి రిజిస్ట్రేషన్ నంబర్లూ అడిగి తీసుకోండి.

గర్భసంచి పని

దాత ఎంపికతో దాదాపు సమానమైన పని ఇక్కడ ఉంటుంది, పైగా ఇది చాలావరకు మీ చేతిలో ఉన్నది.

దాతను ఖాయం చేసుకునే ముందే స్కానింగ్, హిస్టరోస్కోపీ (గర్భసంచి లోపల కెమెరాతో చూసే పరీక్ష) పూర్తిచేసుకోండి. గర్భసంచి లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్, పాలిప్, పొరలు అతుక్కుపోవడం కనిపిస్తే ముందు వాటిని సరిచేయాలి. ట్యూబులో నీరు నిండి ఉంటే, దాన్ని హైడ్రోసాల్పింక్స్ అంటారు, ఆ నీరు గర్భసంచిలోకి జారి ఎంత మంచి పిండాన్నైనా నిలవనివ్వదు. అవకాశాన్ని దాదాపు సగానికి పడేస్తుంది. ఆ ట్యూబును తీసేయడమో, అది గర్భసంచిని కలిసేచోట మూసేయడమో చేశాకే పిండం పెట్టించుకోవాలి. మన దేశంలో మరోటి కూడా చూడాలి: గర్భసంచి క్షయ. ఎన్నడూ దగ్గు లేకపోయినా అది లోపలి పొరను కాల్చేసినట్టు పలచగా చేస్తుంది. ఎంత ఈస్ట్రోజెన్ వాడినా పొర 5 మిల్లీమీటర్లు దాటకపోతే దీన్ని అనుమానించండి. క్షయ పొరను బాగా తినేసి ఉంటే ఏ దాతా ఆ లోటు తీర్చలేరు. అప్పుడు సరోగసీ గురించి మాట్లాడాలి.

థైరాయిడ్‌లో టీఎస్‌హెచ్ 2.5 లోపు, షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 లోపు, రక్తపోటు అదుపులో ఉండాలి. బీఎమ్ఐ 30 దాటితే మూడు నాలుగు నెలలు తీసుకొని తగ్గించండి. 45 దాటినవాళ్ళు ఈసీజీ, ఎకో, మామోగ్రామ్ చేయించుకోకుండా ముందుకు వెళ్ళవద్దు.

మందుల వరుస సాధారణంగా ఇలా ఉంటుంది. నెలసరి రెండో రోజు నుంచి ఎస్ట్రాడయాల్ వాలరేట్ అనే ఈస్ట్రోజెన్ 2 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు. పదీ పన్నెండు రోజులకు స్కాన్. పొర 7 మిల్లీమీటర్లు దాటి మూడు గీతలుగా కనిపించాలి, రక్తంలో ప్రొజెస్టిరోన్ 1.5 దాటకూడదు. పొర ఇంకా పలచగా ఉంటే కంగారుపడి అదే రోజుల్లో పెట్టేయనక్కర్లేదు. ఇంకో వారం పది రోజులు ఈస్ట్రోజెన్ పొడిగించినా నష్టం లేదు. పొర సిద్ధమయ్యాక ప్రొజెస్టిరోన్ మొదలుపెడతారు, యోనిలో 400 మిల్లీగ్రాములు రెండు పూటలా లేదా రోజూ 50 మిల్లీగ్రాముల ఇంజెక్షన్. ఐదు నిండు రోజులు గడిచి ఆరో రోజున బ్లాస్టోసిస్ట్ పెడతారు. మొదటి మోతాదు పడిన వేళ ఫోనులో రాసుకోండి. ఇక్కడ ఒక రోజు తేడా వస్తే గర్భసంచి తలుపు తెరిచే వేళా, పిండం వచ్చే వేళా తప్పిపోతాయి. పెట్టే రోజున రక్తంలో ప్రొజెస్టిరోన్ కనీసం 10 ఉందో లేదో చూడమని అడగండి. తక్కువుంటే ఇంజెక్షన్ కలపవచ్చు.

ఇంకా నెలసరి క్రమంగా వస్తున్నవాళ్ళు సహజ సైకిల్లో పెట్టవచ్చా అని తప్పక అడగాలి. సొంత అండం విడుదలైనచోట తయారయ్యే హార్మోన్లు తర్వాతి నెలల్లో రక్తపోటు సమస్యను కొంత తగ్గిస్తాయి. అండాశయాలు పనిచేయనివాళ్ళకు మందులే ఆధారం. మాత్రలు అయిపోయాయని ఒక రోజు ఆగినా, కొంచెం రక్తం కనబడిందని మీకు మీరే మానేసినా గర్భాన్ని మీ చేత్తో పోగొట్టుకున్నట్టే. సాధారణంగా పదీ పన్నెండు వారాల దాకా వాడాలి.

నిలవకపోతే తప్పు ఎక్కడుందో చూడటం

పిండం నిలవలేదని తెలిసిన రోజు ఇంట్లో మొదట వచ్చే మాట, 'దాతను మారుద్దాం'. ఆ మాటకు ముందు ల్యాబు ఇచ్చిన రోజువారీ రిపోర్టు అడిగి తీసుకోండి. ఎక్కడ తరుగు పడిందో అందులోనే కనిపిస్తుంది.

ఏడింటిలో పక్వమైనవి మూడే ఉన్నాయంటే, ముందు ట్రిగర్, మోతాదు చూడాలి. పక్వమైనవి ఆరున్నా మొదటి రోజు ఫలదీకరణ రెండిట్లోనే జరిగితే వీర్యకణాల వైపో, ఇక్సీ చేసిన చేతివైపో చూడాలి. మూడో రోజు దాకా ఎనిమిది కణాలతో చక్కగా పెరిగి, నాలుగు ఐదు రోజుల మధ్య అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయంటే, భర్త వైపు అనుమానం పెరుగుతుంది. మూడో రోజు వరకు పిండం నడిచేది అండంలో దాచి ఉన్న సరుకుతో, ఆ తర్వాతే తండ్రి జన్యువులు కూడా పనిలోకి దిగుతాయి. అప్పుడు వీర్యకణాల డీఎన్ఏ ఎంత ముక్కలైందో చూసే ఫ్రాగ్మెంటేషన్ పరీక్ష చేయించండి. పొగాకు, మద్యం మానడం, వేరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం) ఉంటే చూపించడం, షుగరు అదుపు, మూడు నెలలు ఆగడం. వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి ఈ గడువు. పిండాలన్నీ మొదటి నుంచీ ముక్కలు ముక్కలుగా ఉండి, ల్యాబులో ఆ వారం మిగతావాళ్ళవీ బాగా రాలేదని చెప్పారంటే లోపం ల్యాబుది కావచ్చు.

బ్లాస్టోసిస్ట్ దాకా వచ్చాక దాని గ్రేడ్ చూడండి. '4ఏబీ' అంటే 4 అది ఎంత విచ్చుకుందో చెబుతుంది. మొదటి అక్షరం బిడ్డగా మారే కణాలది, రెండోది మాయగా మారే కణాలది. ఏ, బీ లతో రెండు మంచి పిండాలు రెండుసార్లు పెట్టినా నిలవకపోతే గర్భసంచి వైపు తిరగండి: మళ్ళీ హిస్టరోస్కోపీ, పొరలో దీర్ఘకాలపు వాపు కోసం సీడీ138 పరీక్ష, ట్యూబుల్లో నీరు, పెట్టిన రోజు ప్రొజెస్టిరోన్. ఇవన్నీ సవ్యంగా ఉంటేనే కొత్త దాత. దాతను మార్చడం అన్నిటికన్నా తేలికైన నిర్ణయంలా కనిపిస్తుంది, అందుకే దాన్ని తొందరగా తీసుకుంటారు.

దాత వయసు 30 లోపు ఉంటే పిండాలకు క్రోమోజోము పరీక్ష సాధారణంగా అక్కర్లేదు. చేతిలో ఉన్నవే రెండు పిండాలు. పరీక్ష వల్ల వాటి సంఖ్య పెరగదు. ఒక్కోసారి అనుమానపు ఫలితంతో మంచిదాన్నే పారేసుకుంటారు.

పాజిటివ్ వచ్చాక

బ్లాస్టోసిస్ట్ పెట్టిన పది పన్నెండు రోజులకు గర్భం వచ్చిందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష, రెండు రోజుల తర్వాత మళ్ళీ ఒకసారి. ఆరేడు వారాలకు గుండె చప్పుడు స్కాన్. ప్రసవ తేదీ లెక్క తేలికే: ఐదో రోజు పిండం పెట్టిన తేదీకి 261 రోజులు కలపండి. పెట్టిన రోజునే మీ గర్భం రెండు వారాల ఐదు రోజులు అని లెక్క. ఆఖరి నెలసరి తేదీని బట్టి చెప్పే అంకె మందుల సైకిల్లో తప్పవచ్చు.

11 నుంచి 13 వారాల మధ్య చేసే డబుల్ మార్కర్ పరీక్ష ఫారంలో 'వయసు' దగ్గర మీ వయసు రాస్తే, 44 ఏళ్ళ ఆమెకు డౌన్ సిండ్రోమ్ ప్రమాదం చాలా ఎక్కువని రిపోర్టు వస్తుంది, ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. అక్కడ రాయాల్సింది అండం తీసిన నాటి దాత వయసు, పక్కనే 'దాత అండం' అని. ఎన్‌ఐపీటీ (తల్లి రక్తంలో బిడ్డ డీఎన్ఏ చూసే పరీక్ష) చేయిస్తున్నా అదే మాట ముందే చెప్పాలి, కొన్ని పద్ధతులు తల్లి జన్యువులతో పోల్చి చూస్తాయి కాబట్టి. దీని కోసం దాత వయసు రాసి ఉన్న కాగితం నకలు మొదటి రోజునే మీ దగ్గర పెట్టుకోండి.

దాత అండంతో వచ్చిన గర్భంలో రక్తపోటు పెరిగే జబ్బు, ప్రీఎక్లాంప్సియా, సొంత అండంతో చేసిన ఐవీఎఫ్ కన్నా ఎక్కువ. బిడ్డ జన్యువులు రెండు సగాలూ తల్లికి కొత్తవి కావడం దీనికి ఒక కారణమని భావిస్తున్నారు. కాబట్టి మొదటి విజిట్‌లోనే డాక్టరుకు దాత అండమని చెప్పండి. ఇంట్లో మరెవరికీ చెప్పక్కర్లేదు, డాక్టరుకు మాత్రం తప్పదు. 12 వారాల నుంచి, 16 లోపే, రాత్రిపూట ఆస్పిరిన్ 150 మిల్లీగ్రాములు మీకు సరిపడుతుందా అని అడగండి. ఇంట్లో మోచేతి పైన కట్టుకునే బీపీ మిషను కొని, 20 వారాల నుంచి వారానికి రెండుమూడుసార్లు, కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చున్నాక చూసి రాసుకోండి. పై అంకె 140 లేదా కింది అంకె 90 తాకితే ఆ రోజే ఫోను చేయండి. తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి, పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బీపీ ఎంతుందని చూడకుండా, రాత్రి ఏ వేళైనా ఆస్పత్రికి బయల్దేరండి.